ఉగాది నుంచి ఉగాది దాకా: మన పాత సింథసైజర్లు, స్టూడియో సామాను వార్షిక నివేదిక (హనుమకొండ – వరంగల్)

సభ్యులందరికీ నమస్కారం.

పోయినసారి నివేదికలో సమావేశాల వివరాలే ఎక్కువ ఉన్నాయని, బల్ల మీద జరిగిన పని తక్కువ రాశానని కొందరు అన్నారు. ఆ మాట నిజమే. అందుకే ఈసారి సమావేశాల సంగతి ముందే చెప్పేస్తాను. ప్రతి నెలా రెండో ఆదివారం కలిశాం. వానల వల్ల జులైలో ఒక్కసారి తప్పింది. మనం కలిసే సుబేదారి గది ఇంకో ఏడాదికి మనదే. మిగతాదంతా పని గురించి.

ఈ ఏడాది మనకు అన్నిటికన్నా ఎక్కువ పని పెట్టినవి పాత బ్యాటరీలు. జమ్మికుంట నుంచి ఒక పెద్దాయన వానాకాలం మొదట్లో కోర్గ్ పాలీసిక్స్ అనే సింథసైజర్ (కరెంటుతో ధ్వనులు పుట్టించే కీబోర్డు) తెచ్చారు. 1981లో వచ్చిన మోడల్ అది. ఒకేసారి ఆరు స్వరాలు పలుకుతుంది, 32 ధ్వనులు గుర్తుపెట్టుకుంటుంది. ఎనభైల్లో బొంబాయి వెళ్లి సెకండ్ హ్యాండ్‌లో కొన్నారట. పెళ్లిళ్లకు, గణేశ్ నవరాత్రులకు ఏళ్ల తరబడి ఆర్కెస్ట్రాలో వాయించారు. తర్వాత ఆర్కెస్ట్రాలు తగ్గాయి, కీబోర్డు సజ్జ ఎక్కింది. మళ్లీ దింపి స్విచ్ వేస్తే లైట్లు ఇష్టమొచ్చినట్టు వెలుగుతున్నాయి, శబ్దం మాత్రం లేదు.

మూత తీయగానే కారణం కనబడింది. ఆ 32 ధ్వనులు కరెంటు పోయినా చెరిగిపోకుండా లోపలి బోర్డు మీద ఒక నికెల్ కాడ్మియం బ్యాటరీ పెట్టారు. పాలీసిక్స్‌కు ప్రపంచమంతటా ఉన్న జబ్బు ఇదే. బ్యాటరీ ముసలిదయ్యాక కారుతుంది. ఆ కారిన క్షారం బోర్డు మీది రాగి గీతలను మెల్లగా తినేస్తుంది. చుట్టుపక్కల ఐసీల (చిప్పుల) కాళ్ల దాకా పచ్చటి పొడి పట్టి ఉంది.

బ్యాటరీ తీసేశాం. కారింది క్షారం కాబట్టి తెల్ల వెనిగర్‌లో దూది ముంచి అద్దాం. బుడగలు ఆగేదాకా అద్ది, ఇన్వర్టర్‌లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, రెండు రోజులు ఆరబెట్టాం. ఇక్కడి దాకా ఎవరైనా చేయగలరు. ఆ తర్వాతే ఓపిక కావాలి. సర్క్యూట్ పటం ముందు పెట్టుకుని, ఒక్కో గీతను మల్టీమీటర్‌తో చూస్తూ, తెగినచోట సన్నటి వైరుతో కలుపుకుంటూ పోయాం. మన కాజీపేట సభ్యుడు, రైల్వేలో సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరైన అన్న, ఈ పనిలో దసరా దాకా ప్రతి ఆదివారం కూర్చున్నారు. ఆయన లేకపోతే ఈ బోర్డు తుక్కులోకి పోయేదని నేను ఖాయంగా చెప్పగలను. కొత్తగా పెట్టింది లిథియం నాణెం బ్యాటరీ. దాన్ని చార్జ్ చేయకూడదు, ప్రమాదం. అందుకని దారిలో ఒక డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగం) వేశాం. ఎవరైనా ఇంట్లో ఇలాంటి మార్పు చేసుకుంటే ఆ డయోడ్ మరిచిపోవద్దు.

దసరా తర్వాతి ఆదివారం ఆరు స్వరాలూ పలికాయి. కానీ 32 ధ్వనులూ పోయాయి. అప్పుడు పెద్దాయన సంచిలోంచి ఒక క్యాసెట్ తీశారు. పాలీసిక్స్ తన ధ్వనులను మామూలు క్యాసెట్‌లోకి ఎక్కించగలదు, మళ్లీ అందులోంచి తీసుకోగలదు. ఆర్కెస్ట్రా రోజుల్లో ఆయన అలా ఎక్కించి పెట్టుకున్నారు. మొదట నాలుగైదుసార్లు లోడ్ కాలేదు. క్యాసెట్ డెక్‌లో హెడ్ (టేపును చదివే భాగం) పక్కన దాని వంపును సరిచేసే అజిమత్ స్క్రూ ఉంటుంది. టేపు ఏ డెక్ మీద రికార్డయిందో ఆ డెక్ హెడ్ వంపుకు మన డెక్ హెడ్ వంపు సరిపోకపోతే హెచ్చు స్థాయి శబ్దాలు మసకబారతాయి. స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతూ, ధ్వనుల సమాచారంగా టేపులో ఉన్న గరగర శబ్దం చెవికి పదునుగా వినిపించేదాకా సరిచేశాం. ఈసారి లోడ్ అయింది. పెద్దాయన రెండో బ్యాంకు నొక్కి, పెళ్లిళ్లలో సన్నాయికి బదులు వాడిన ధ్వని ఇదేనంటూ హంసధ్వని ఎత్తుకున్నారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఈ సంఘం ఎందుకని అడిగిన వాళ్లకు ఇకమీదట ఆ సాయంత్రం గురించే చెబుతాను.

దీని తర్వాత సభ్యులందరి పరికరాలూ తెరిచి బ్యాటరీలు చూశాం. యమహా డీఎక్స్7 కీబోర్డులో ఉండే బ్యాటరీ మామూలుగా కారదు, కానీ అయిపోతే ధ్వనులన్నీ పోతాయి. ముందే మిడి (వాద్యాలను కంప్యూటర్‌కు కలిపే) కేబుల్‌తో కంప్యూటర్‌లోకి తీసి పెట్టుకోవాలి. 32 ధ్వనులు కలిపి 4104 బైట్లే, నిమిషం పని. డీఎక్స్7 అనలాగ్ (సర్క్యూట్‌లోని కరెంటుతోనే నేరుగా ధ్వని పుట్టించేది) కాదు కదా, మన సంఘం దాని మీద సమయం ఎందుకు పెట్టాలని ఒక సభ్యుడు లేఖ రాశారు. ప్రశ్న న్యాయమైనదే. 1983లో వచ్చిన ఆ పరికరం డిజిటల్ ఎఫ్‌ఎం పద్ధతిలో, అంటే అంకెల లెక్కతో, పలుకుతుంది. కానీ మన జిల్లాల్లో సజ్జల మీద దొరికేవి ఎక్కువగా ఇలాంటివే. మన ఊరి సంగీతం వీటి మీదే సాగింది. వాటిని వదిలేసి, ఇక్కడ ఎవరి దగ్గరా లేని పేరున్న అనలాగ్ సింథసైజర్ మినీమూగ్ కోసం కూర్చోవడం సరికాదని కమిటీ అభిప్రాయం. నా అభిప్రాయం కూడా అదే.

నర్సంపేట తమ్ముడి రోలాండ్ జూనో-106 సింథసైజర్‌ది ఇంకో కథ. వాయిస్తుంటే ప్రతి ఆరో స్వరం మూగబోతోంది. కీ ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి పట్టుకుని స్విచ్ వేస్తే, ఏ స్వరాన్ని ఆరింటిలో ఏ వాయిస్ (స్వరం పలికే సర్క్యూట్) పలుకుతోందో డిస్‌ప్లే మీద అంకె కనిపిస్తుంది. నాలుగో వాయిస్ అని తేలింది. ఈ మోడల్‌లో ఒక్కో వాయిస్ ధ్వనిని మలిచే ఫిల్టర్ చిప్పుల మీద పూసిన నల్లటి పూత కాలం గడిచేకొద్దీ కరెంటు లీక్ చేస్తుంది. ఆ చిప్పును ఊడదీసి, అసిటోన్‌లో కొన్ని రోజులు నానబెట్టి, పూత వలిచి మళ్లీ అతికించాం. పలికింది. మిగిలిన అయిదింటికీ ఏదో ఒకరోజు ఇదే పని తప్పదు.

ఇప్పుడు ఒక బాధ చెప్పాలి. మన సభ్యుల్లో ఒకరు జపాన్ నుంచి తెప్పించుకున్న టేపు ఎకోను (టేపుతో ప్రతిధ్వని కలిపే పరికరం) సంతోషంలో నేరుగా గోడ ప్లగ్గుకు పెట్టారు. జపాన్ సరఫరా 100 వోల్టులు, మనది 230. పొగ వచ్చింది, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. దాన్ని ఇంకా బాగుచేయలేకపోయాం. బజార్లో దొరికే 110 వోల్టుల స్టెప్‌డౌన్ (వోల్టులు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) కూడా జపాన్ పరికరానికి పది శాతం ఎక్కువే అవుతుంది. అందుకని బోరు మోటర్లు చుట్టే వైండింగ్ షాపులో 100 వోల్టులకు ప్రత్యేకంగా చుట్టించాం. లోపలికి వచ్చే చుట్ట, బయటికి పోయే చుట్ట వేర్వేరుగా ఉండాలని, ఒకే చుట్టలోంచి తీయొద్దని గట్టిగా చెప్పి చేయించాం. ఆ పెట్టె గదిలో ఉంది, సభ్యులెవరైనా తీసుకెళ్లవచ్చు.

గణేశ్ మండపాల్లో మన పరికరాలు వాయించాలా వద్దా అన్నదాని మీద సెప్టెంబరుకు ముందు వాదన బాగానే జరిగింది. దాచి ఉంచితే కెపాసిటర్లు ఎండుతాయి, స్లైడర్లు తుప్పు పడతాయి. నెలకోసారైనా వేడెక్కిన పరికరమే బాగుంటుంది. కాబట్టి వాయించాలనే తీర్మానించాం. షరతు ఒక్కటే: జనరేటర్ కరెంటు మీద వద్దు, దాని వోల్టేజీ నిలకడగా ఉండదు. శ్రుతి సంగతి కూడా అక్కడే అర్థమైంది. అనలాగ్ ఆసిలేటర్ (స్వరం పుట్టించే సర్క్యూట్) వేడికి శ్రుతి జారుతుంది. మే నెలలో మన ఎండకు గదిలోనే ఇది తెలుస్తుంది. మండపంలో అరగంట ముందే ఆన్ చేసి, హార్మోనియం పక్కన పెట్టుకుని కలుపుకున్నాం.

నెలవారీ ప్రసంగాల్లో అందరికీ నచ్చినది అహ్మదాబాద్ గురించి. 1969లో అక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజర్‌తో స్టూడియో ఏర్పాటు చేశారు. సంగీతకారిణి గీతా సారాభాయ్ వంటివారు అక్కడ పనిచేశారు. 1982లో బొంబాయిలో సంగీతకారుడు చరణ్‌జీత్ సింగ్ రోలాండ్ సింథసైజర్ జూపిటర్-8, బేస్ యంత్రం టీబీ-303, డ్రమ్ యంత్రం టీఆర్-808 పెట్టుకుని రాగాలు వాయించిన సంగతీ మాట్లాడుకున్నాం. ఇవి పరాయి వాద్యాలని మనకెవరైనా చెబితే ఈ రెండూ గుర్తుచేయండి. ఇంజినీరింగ్ విద్యార్థులు 2013లో చిన్న సైజులో మళ్లీ వచ్చిన కోర్గ్ ఎంఎస్-20 సింథసైజర్ తెచ్చి, ప్యాచ్ వైర్లతో (దాని భాగాలను ఒకదానితో ఒకటి కలిపే వైర్లు) డోలు దెబ్బలాంటి ధ్వని కట్టారు. ఆ రోజు గది చాలలేదు.

టేపుల పని మెల్లగా నడుస్తోంది. ఒగ్గు కథల క్యాసెట్లు, బతుకమ్మ పాటలవి సభ్యుల ఇళ్ల నుంచి వచ్చాయి. కొన్నిటికి బూజు, కొన్నిటికి ప్రెజర్ ప్యాడ్ (టేపును హెడ్‌కు ఒత్తిపట్టే మెత్త) ఊడింది. టేపు బాగుండి డబ్బా పాడైతే, స్క్రూలున్న కొత్త డబ్బాలోకి మారుస్తున్నాం. మన పాత డెక్‌లో బెల్టు కరిగి నల్లటి జిగురైతే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ నుంచి కొత్తవి తెచ్చాం.

లెక్కల పత్రాన్ని కోశాధికారి సర్వసభ్య సమావేశంలో చదువుతారు. పెద్ద ఖర్చులు రెండే: పాత ఆసిలోస్కోపు (కరెంటు తరంగాలను తెర మీద చూపే పరికరం), చుట్టించిన ట్రాన్స్‌ఫార్మర్. డిసెంబరులో అనుకున్న ప్రదర్శన హాలు దొరకక ఆగింది, వచ్చే చలికాలంలో పెట్టాలని ఉంది.

ఒక మనవి. ఎండలు ముదరకముందే మీ ఇంట్లో సజ్జ మీద, మంచం కింద ఉన్న పాత కీబోర్డును దింపండి. సెల్స్ ఉంటే తీసేయండి. లోపల బ్యాటరీ ఉందో లేదో తెలియకపోతే గదికి తీసుకురండి, కలిసి తెరుద్దాం. ప్లగ్గు మాత్రం పెట్టకండి. తాళం కాజీపేట అన్న దగ్గర ఉంటుంది, వచ్చే ముందు ఆయనకు ఒక ఫోన్ చేయండి.

– కార్యదర్శి