రింగ్ అంటే రెండు వేర్వేరు దారులు

సంపాదకుడు గారికి,

2011లో మొదలై, తర్వాత భారత్‌నెట్‌గా పేరు మారిన పథకం కింద పంచాయతీలకు ఫైబర్ కేబుల్ వేశారు. అయినా చాలాచోట్ల పంచాయతీ ఆఫీసు గోడకున్న ఇంటర్నెట్ పెట్టె మీద నెట్ లేదని చెప్పే ఎర్ర లైటే వెలుగుతోంది. మండల కేంద్రం నుంచి కేబుల్ ఒకే వరసలో ఊరూరికీ వెళ్లడం ఇందుకు ఒక ప్రధాన కారణం. మధ్యలో ఎక్కడ తెగినా ఆ పై ఊళ్లన్నిటికీ నెట్ పోతుంది.

2023 ఆగస్టులో కేంద్రం రూ.1,39,579 కోట్లతో ఆమోదించిన సవరించిన పథకంలో దీన్ని రింగ్‌గా మారుస్తారు. ఒకవైపు తెగితే రెండోవైపు నుంచి సిగ్నల్ అందుతుంది. మంచి నిర్ణయం. అయితే రానూపోనూ కేబుళ్లను ఒకే కాలువలో పూడిస్తే జేసీబీ బకెట్ ఒక్కసారి దిగినా రెండూ పోతాయి. రెండో దారి వేరే రోడ్డు వెంట వెళ్లిందని మ్యాపులో చూపించాకే బిల్లు చెల్లించాలి. మామూలు నేలలో 165 సెంటీమీటర్ల లోతున వేయాల్సిన కేబుల్‌ను రాతినేల సాకుతో మోకాలి లోతున వదిలేస్తే రింగ్ కూడా కాపాడలేదు. తెలంగాణలో భగీరథ పైపుల వెంట కేబుల్ వేసిన చోట లీకేజీకి తవ్వినా ఇదే ప్రమాదం. ఆంధ్రలో కరెంటు స్తంభాల మీద లాగిన తీగలకు తుపాను గాలులతో ముప్పు.

తెగిన ప్రతిసారీ వేసే జాయింటు గురించి ఎవరూ మాట్లాడరు. మండలంలోని యంత్రం నుంచి ఇంటి పెట్టె దాకా ఫైబర్‌లో సిగ్నల్‌ను మోసుకెళ్లే వెలుగు 28 డెసిబెళ్లకు (వెలుగు నష్టాన్ని కొలిచే ప్రమాణం) మించి తగ్గకూడదు. 32 ఇళ్లకు పంచే స్ప్లిట్టరే అందులో 17 దాకా తినేస్తుంది. 15 కిలోమీటర్ల ఫైబర్‌కు మరో 5 పైగా పోతుంది. మిగిలేది అయిదారు. ఫైబర్ కొసలను కరిగించి కలిపే ఫ్యూజన్ యంత్రంతో శ్రద్ధగా అతికితే జాయింటుకు 0.1 కూడా పోదు. దుమ్ములో హడావిడిగా అతికితే 0.5 దాకా పోవచ్చు. అలాంటివి పది పడితే కేబుల్ అతికి ఉన్నా ఆ ఇంటికి నెట్ రాకపోవచ్చు. అందుకే మరమ్మతు అయ్యాక ‘లైను కలిసింది’ అన్న మాటతో సరిపెట్టకుండా, చివరి ఇంట్లో వెలుగు బలాన్ని కొలిచే పవర్ మీటరు పెట్టి రీడింగ్ రాయాలి.

కరెంటు పోయినప్పటి సంగతి తేలిక. పెట్టె, రూటరు కలిపి 20 వాట్లు వాడినా, 12 వోల్టుల 40 ఆంపియర్ అవర్ బ్యాటరీ సగం ఖర్చయ్యేసరికే పది గంటలు దాటుతుంది. దాన్ని ఫ్యాన్లకు మళ్లించకుండా పంచాయతీ కార్యదర్శి చూడాలి.

తవ్వేముందు కేబుల్ ఉందో లేదో తెలుసుకునేందుకు ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ యాప్ 2023 మార్చి నుంచి ఉంది. పంచాయతీ, రోడ్లు, మంచినీటి పనుల వర్క్ ఆర్డరులోనే ఆ యాప్‌లో చేసిన నమోదు నంబరు తప్పనిసరి చేయాలి. మండలానికొక ఫ్యూజన్ యంత్రం, దాన్ని వాడటం తెలిసిన ఇద్దరు స్థానిక యువకులు ఉండాలి. నెలలో ఎన్ని గంటలు నెట్ ఆగిందో పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించి, ఆ లెక్క ప్రకారమే నిర్వహణ సంస్థకు డబ్బు చెల్లించాలి.

ఇట్లు,
ఒక టెలికాం ఇంజినీరు,
ప్రకాశం జిల్లా