రెక్టిఫై అన్న మాట గురించి

కందుకూరు,
ఆదివారం.

చి. అమ్మాయికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, గేదె ఈనింది, ఇన్వర్టరుకు కొత్త బ్యాటరీ వేయించాను. నీ దగ్గరి నుంచి మాత్రం 22 రోజులుగా కబురు లేదు. "ఆఫీసులో చిన్న పొరపాటు, రెక్టిఫై చేస్తాను, అడగవద్దు" అన్నదే నీ చివరి మాట. లెక్కల్లో తేడా వచ్చి నీ ఉద్యోగం ఊగుతున్నదని మొన్న పెళ్ళిలో పెద్దత్త నన్ను పక్కకు పిలిచి చెప్పింది. దాన్ని గురించి అడగను. నువ్వు వాడిన ఆ మాట గురించే వ్రాస్తాను.

లాటిన్‌లో దాని మూలానికి తిన్నగా చేయడమని అర్థం. మాస్టారు నోటుపుస్తకాన్ని కరెక్ట్ చేశాడంటే తప్పు కింద ఎర్రగీత పెట్టాడని. రెక్టిఫై అన్నప్పుడు ఆ తప్పు నిజంగా తొలగిపోవాలి. చట్టాన్ని అమెండ్ చేస్తారు, అది తప్పయి ఉండనక్కరలేదు. ఇన్వర్టరులోని రెక్టిఫయరు అటూ ఇటూ మారే కరెంటును ఒకే దిక్కున నడిపిస్తుంది. ఇంకొక సంగతి, మనిషిని కరెక్ట్ చేయవచ్చు కాని రెక్టిఫై చేశామనరు. ఆ క్రియకు పొరపాటు, లోపం, పరిస్థితి వంటివే కర్మలవుతాయి. సరిచేయవలసింది ఆ లెక్కనే తల్లీ, నిన్ను కాదు.

నువ్వు రెండో తరగతిలో ఉండగా ఒక రైతు కొనుగోలు దస్తావేజులో సర్వే నంబరు 241కి బదులు 214 అని వ్రాశాను. రిజిస్ట్రేషను అయిన నాలుగో రోజున గాని చూసుకోలేదు. రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు. అన్నం సయించకపోతే మీ అమ్మతో ఎండదెబ్బ అన్నాను. అంకె గీకి మార్చుదామంటే దస్తావేజు అప్పటికే సబ్ రిజిస్ట్రారు పుస్తకానికి ఎక్కింది. ఇక మిగిలినది రెక్టిఫికేషన్ డీడ్, అంటే మన సవరణ దస్తావేజు. అందులో పాత దస్తావేజు నంబరూ సంవత్సరమూ ఉదహరించి, ఫలానా చోట ఫలానా అంకె పొరపాటున పడిందని వ్రాసి, అమ్మినవారూ కొన్నవారూ మళ్ళీ సంతకాలు చేయాలి. అమ్మినాయన పామూరు దగ్గర కూతురింట్లో ఉన్నాడు. రెండు బస్సులు మారి వెళ్ళి, అరుగు మీద కూర్చుని, నోరు పెగలక ఆయన ఇచ్చిన మజ్జిగ మొత్తం తాగాను. విషయం విని ఆయన, "ఈ మాత్రానికి ఇన్నాళ్ళా?" అని చొక్కా తొడుక్కుని నాతోనే బయలుదేరాడు. ఖర్చంతా నేనే పెట్టుకున్నాను. తరువాత ఆ రైతు తన కొడుకు దస్తావేజు కూడా నా చేతనే వ్రాయించుకున్నాడు.

సవరణ దస్తావేజు పాతదాన్ని చెరిపివేయదు, రెండింటినీ కలిపి చదువుకుంటారు. బి.కామ్‌లో నువ్వు చదివిన రెక్టిఫికేషన్ ఆఫ్ ఎర్రర్స్ పాఠమూ అదే కదా. ఏ తేదీన, ఏ పద్దులో, ఎంత తేడా వచ్చిందో కాగితం మీద పెట్టి, ఇంకొకరు చెప్పకముందే నువ్వే పైఅధికారికి ఇవ్వు. తప్పు పద్దును తుడిచివేయవద్దు, సవరణ పద్దు వేరుగా వ్రాయి. డబ్బు కట్టవలసి వస్తే దాచకుండా చెప్పు, ధాన్యం సొమ్ము బ్యాంకులోనే ఉంది.

గూడూరు నిమ్మకాయలతో మీ అమ్మ ఊరగాయ పెట్టింది, గురువారం బస్సులో పంపుతున్నాను. తడి గరిటె పెట్టవద్దు. పొద్దున ఏమీ తినకుండా వెళ్ళవద్దు. రాత్రి తొమ్మిది దాటాక మీ అమ్మ ఫోను దిండు పక్కనే పెట్టుకుంటున్నది.

ఆశీస్సులతో,
నాన్న