తెలిసిన ఊరు తెరమీద కనిపించినప్పుడు

సభ్యులందరికీ నమస్కారం. తాము పెరిగిన ప్రాంతానికి దగ్గరలో కథ నడిచే సినిమా చూసినవారు, అది బాగుందో లేదో చెప్పడానికి ముందే, ‘ఆ మలుపు తిరిగితే ఆ వీధి రాదు కదా’ అని రాయడం మన గ్రూపులో తరచుగా కనిపిస్తోంది. ఆ ముచ్చట నాకూ ఇష్టమే, కాకపోతే దాన్ని దర్శకుడి తప్పుగా లెక్కగట్టడం న్యాయం కాదు. వేర్వేరు చోట్ల తీసిన షాట్లను వరుసగా అతికితే ప్రేక్షకుడి మనసులో అవన్నీ ఒకే చోటుగా కుదురుకుంటాయని సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ 1920ల తొలినాళ్లలోనే చూపించాడు. మాస్కోలో మెట్లెక్కిన నటులు వాషింగ్టన్‌లోని వైట్‌హౌస్‌లోకి వెళ్తున్నట్టు కనిపించింది కేవలం ఎడిటింగ్ వల్లనే. అనుమతులు, వెలుతురు, గుమిగూడే జనం వంటి కారణాలతో ఒక ఊరికి బదులు మరో ఊళ్లో చిత్రీకరించడమూ మామూలే.

యాస విషయంలో మాత్రం నేను అంత ఉదారంగా ఉండలేను. వీధులను అతకవచ్చు గానీ, పక్కింటివాళ్లు మాట్లాడే తీరు తెలిసిన చెవిని డబ్బింగ్ గదిలో నేర్చిన పలుకుబడి ఒప్పించలేదు (మిగతా ప్రేక్షకులకు అది పట్టింపే కాదనుకోండి). అందుచేత ఇకపై ఇలాంటి సినిమా గురించి రాసేవారు, దారుల లెక్కతో పాటు, మాట ఎక్కడ సహజంగా పలికిందో, నేపథ్యంలోని ఏ చిన్న వివరం స్థానికులకు మాత్రమే అందుతుందో కూడా రాయవలసిందిగా కోరుతున్నాను. ముగింపును మాత్రం దయచేసి బయటపెట్టవద్దు.