ఫోను తమ్ముడి దగ్గరే ఉండనీ

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తమ్ముడి ఫోను తీసేసుకోవాలని ఇంట్లో అందరూ అంటున్నారని రాశావు. స్కిజోఫ్రీనియా, అంటే లేని గొంతులు వినిపించి, లేనిపోని అనుమానాలు పీడించే మానసిక జబ్బు, ఉన్నవాడికి ఫోను ఇస్తే అనుమానాలు ఇంకా ముదురుతాయని నీకూ భయంగా ఉన్నట్టుంది. మా అక్కకు ఇదే జబ్బు వచ్చిన కొత్తలో నేనూ ఆ పనే చేశాను, ఫోను దాచేశాను. అర్ధరాత్రి చెవిలో మాటలు వినిపించి హడలిపోయినప్పుడు అక్క నన్ను పిలిచే దారి కూడా దాంతోనే మూసుకుపోయిందని చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ తర్వాత ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను. అమెరికాలో డ్రోర్ బెన్-జీవ్ అనే పరిశోధకుడి బృందం ఇలాంటి జబ్బు ఉన్నవాళ్ల కోసం ఫోకస్ అనే యాప్ తయారుచేసింది. మాత్రలు, నిద్ర, మనసు, నలుగురితో మెలగడం, వినిపించే గొంతులు, వీటి గురించి రోజుకు మూడుసార్లు పలకరించి, జవాబును బట్టి ఒక ఉపాయం చెబుతుంది. 2014లో ప్రచురించిన పరీక్షలో 33 మంది నెలరోజులు వాడారు. అందులో 60 శాతానికి పైగా వాడకం యాప్ పిలిచినందువల్ల కాదు, వాళ్లంతట వాళ్లు తెరిచినందువల్లే. ‘వీళ్లకు ఇవన్నీ వాడటం ఎక్కడ వస్తుంది’ అనేవాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది నాకు. ఇదే యాప్ మీద 2018లో వచ్చిన మరో పరీక్షలో, క్లినిక్‌కు వచ్చి బృందంగా కూర్చోమన్నవాళ్లలో 58 శాతం మందే మొదలుపెట్టారు; ఫోనులో ఈ యాప్ ఇచ్చినవాళ్లలో 90 శాతం మంది. అయితే యాప్ వెనుక వారానికోసారి పలకరించే మనిషి ఉన్నారు. అది మరిచిపోకు.

అన్నిచోట్లా మేలే జరగలేదు. డెన్మార్క్‌లో బైపోలార్ (కొన్నాళ్లు మితిమీరిన ఉత్సాహం, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు కలిగే జబ్బు) ఉన్న 78 మందితో చేసిన పరీక్షలో, రోజూ ఫోనులో మనసు స్థితి రాయించినా మొత్తమ్మీద లక్షణాలు తగ్గలేదు. దిగులు ఇంకాస్త ఎక్కువకాలం నిలిచే సూచన కూడా కనిపించింది. పొద్దస్తమానం దిగులునే తూచుకోవడం వల్లనేమో అని నా ఊహ.

ఇక నువ్వు అడిగిన రెండో సంగతి, తమ్ముడికి తెలియకుండా అతన్ని గమనించే యాప్ పెట్టవచ్చా అని. ఎక్కడికి వెళ్తున్నాడో, ఎంతసేపు నిద్రపోతున్నాడో తెలిపే యాప్ చెప్పకుండా పెట్టవద్దు. ఎవరో తనను కనిపెడుతున్నారని వణికే మనిషి ఫోనులో దొంగచాటుగా అది పెడితే, ఆ భయాన్ని మనమే నిజం చేసినట్టవుతుంది.

అక్క ఫోనులో మాత్రల వేళకు వచ్చే మాట అక్క తానే రాసుకుంది. గొంతులు ఎక్కువైతే ముందు ఎవరికి ఫోన్ చేయాలో కూడా తనే ఎంచుకుంది. నేను రెండో పేరునే! ఇదంతా తను తేరుకున్న రోజున కూర్చుని చేశాం.

తమ్ముడు కాస్త స్థిమితపడిన పూట చూసి అడుగు. ఏమన్నాడో నాకు వెంటనే రాయి.

నీ మిత్రుడు