బావా, నీ యాభై లక్షల గోల గురించి

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బావా,

నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను వారధి మీద ఇరుక్కుని ఉన్నా, ముందు ఇసక లారీ, వెనక ఆర్టీసీ బస్సు, నువ్వేమో "బీఎండబ్ల్యూ ఎక్స్‌వన్ పెట్రోల్‌ది కొననా, కరెంటుది కొననా, ఒక్క ముక్కలో తేల్చు" అంటావ్. ఒక్క ముక్కలో తేలేదైతే నువ్వు ఆర్నెల్ల నుంచి ఎందుకు నలుగుతున్నావ్ రా. అందుకే భోంచేసి, మీ చెల్లి కునుకు తీస్తుంటే కూర్చుని టైప్ చేస్తున్నా, పెద్దదైపోతే తిట్టుకోకుండా చదువు.

మిర్చి యార్డులో మీ కమిషన్ కొట్టాయన "కరెంటు బండికి అంత పొయ్యడం దండగ" అన్నాడన్నావ్ కదా, ముందు ఆయన లెక్కే చూద్దాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది, ఈ సైజు పెట్రోల్, డీజిల్ బండ్లకి 40 శాతం, అంతకుముందు సెస్సుతో కలిపి కొన్నిటికి 50 దాకా ఉండేది. కరెంటు బండికి అప్పుడూ 5, ఇప్పుడూ 5. అంటే ఎక్స్‌షోరూం 50 లక్షలున్న పెట్రోల్ బండిలో అసలు బండి 35 లక్షల 70 వేలు, మిగతా 14 లక్షల 30 వేలు గవర్నమెంటుకి. అదే 50 లక్షల కరెంటు బండిలో బండే 47 లక్షల 60 వేలు, ట్యాక్సు 2 లక్షల 40 వేలు. ఇప్పుడు చెప్పు, దండగ ఏది? ఆ తేడాలో మంచి వాటా బ్యాటరీకే పోతుందిలే, మొత్తం సీట్లకీ స్పీకర్లకీ పెట్టార్రా అని నేననను, కానీ ట్యాక్సు రసీదు మీద నువ్వు కూర్చోలేవు, బ్యాటరీ మీదైతే కూర్చుంటావ్.

మా పెద్దమ్మ కొడుకు కొన్నాడు కదా ఐఎక్స్‌వన్, అదే ఎక్స్‌వన్‌లో కరెంటుది, చెన్నైలో తయారయ్యే పొడుగు మోడల్, 2025 జనవరిలో 49 లక్షలకి దింపారు, దాదాపు పెట్రోల్ ఎక్స్‌వన్ రేటుకే. ఇరుసుల మధ్య దూరం 2800 మిల్లీమీటర్లు, వెనక అత్తయ్య కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. 66.4 యూనిట్ల బ్యాటరీ, కంపెనీ చెప్పేది 531 కిలోమీటర్లు, ఏసీ వేసుకుని మనం తోలినట్టు తోలితే ఓ 400 వస్తాయనుకో. దాంట్లో హైదరాబాద్ వెళ్ళొచ్చాం. వెళ్ళేటప్పుడు ఎక్కడా ఆపకుండా వెళ్ళిపోయాం, ఆ నిశ్శబ్దం ఉంది చూశావా, నందిగామ దాటాక మా వదిన నెమ్మదిగా మాట్లాడుతున్నా వెనక నాకు ప్రతి మాటా వినిపించింది, అందులో సగం నా గురించే.

తిరుగు ప్రయాణంలోనే పడ్డాయి కష్టాలు. అక్కడ చుట్టాల అపార్టుమెంటులో ప్లగ్ దొరకలేదు, ఒక మాల్‌లో కొంచెం ఎక్కించుకుని బయల్దేరాం, సూర్యాపేట దగ్గర ఒక హోటల్లో చార్జర్ ఉందని ఆగితే రెండు చార్జింగ్ గన్నుల్లో ఒకటి చచ్చిపోయింది, రెండోదానికి ఒక ట్యాక్సీ తగిలించుంది, డ్రైవర్ లోపల గురక. లేపడానికి మనసొప్పలేదు. టీ తాగి, మిర్చి బజ్జీ తిని, మళ్ళీ టీ తాగి, మా వంతు వచ్చాక 60 కిలోవాట్ల గన్ను మీద ముప్పావు గంట. మొత్తం గంటన్నర పోయింది. పెట్రోల్ బండైతే అయిదు నిమిషాలు, ఇది నీకు దాచను. కానీ బావా, నువ్వు హైదరాబాద్ ఏడాదికి ఎన్నిసార్లు వెళ్తావ్? నాలుగు? మిగతా రోజులన్నీ గుంటూరు, బెజవాడ, తెనాలి, నరసరావుపేట, ఇంతే కదా నీ ప్రపంచం.

ఏడాదికి 15 వేల కిలోమీటర్లు వేసుకో. పెట్రోల్ లీటరు మన దగ్గర 109 దాటింది, ఆ సైజు బండి ఊళ్ళో 11 ఇస్తే గొప్ప, అంటే దగ్గర దగ్గర లక్షన్నర. కరెంటుదైతే ఇంట్లో చార్జింగ్ పెట్టుకుంటే యూనిట్‌కి ఆరు కిలోమీటర్లు, పాతిక వేలకి అటూ ఇటూ. యాభై లక్షలు పెట్టేవాడు పెట్రోల్ లెక్కేంటి అంటారు గానీ, గుంటూరోడు లెక్క చూడకుండా మజ్జిగ కూడా తాగడని నీకూ తెలుసు నాకూ తెలుసు.

నీకున్న అసలు బాధ వేరే అని నాకు అనుమానం. ఆకుపచ్చ ప్లేటు! "బీఎండబ్ల్యూ కొన్నావా, బ్యాటరీ ఆటో కొన్నావా" అని యార్డులో నవ్వుతారని కదా. నవ్వనీ. మా అన్న బండికి కొండ కింద పూజ చేయించినప్పుడు పంతులుగారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి "స్టార్ట్ చెయ్యండి బాబూ" అన్నారు, వీడు "అయ్యిందండీ" అన్నాడు, ఆయన మళ్ళీ "స్టార్ట్ చెయ్యండి" అన్నారు, వీడు మళ్ళీ "అయ్యిందండీ", ఆఖరికి బండి పిల్లిలా కదిలి నిమ్మకాయలు తొక్కేసరికి ఆయన ఒక్క గెంతు గెంతారు. ఇంజిన్ చప్పుడు లేకపోతే మనోళ్ళకి బండి ప్రాణంతో ఉన్నట్టే అనిపించదు. నీకూ అంతే, కాలేజీలో నీ ఆర్ఎక్స్ హండ్రెడ్ చప్పుడు వింటేనే నువ్వొస్తున్నావని తెలిసేది. ఆరు సిలిండర్ల ఇంజిన్ గొంతు సవరించుకుంటుంటే వచ్చే ఆ సుఖం కరెంటు బండిలో లేదు, ఒప్పుకుంటా. కాకపోతే నువ్వు చూసే పెట్రోల్ ఎక్స్‌వన్‌లో ఉన్నది మూడు సిలిండర్లే, దాని పాటకి మరీ మురిసిపోనక్కర్లేదు.

డీజిల్ తీసుకుంటానంటావేమో, నా అనుభవం విను. నా సెకండ్ హ్యాండ్ డీజిల్ బండి, పేరెందుకులే, దాన్ని ఇంటి నుంచి షాపుకి, షాపు నుంచి ఇంటికి రోజూ ఆరేసి కిలోమీటర్లు తోలా. బీఎస్6 డీజిల్ బండ్ల పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, హైవే మీద పరిగెత్తి వేడెక్కితేనే ఆ మసి కాలుతుంది, లేకపోతే పేరుకుంటుంది. పేరుకుంది. షెడ్డువాడు చెప్పిన అంకె విని బయటికొచ్చి సోడా తాగా.

వరద సంగతి కూడా అడిగావ్. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మాకు తెలిసినాయన పెట్రోల్ బండి సెల్లార్లో మునిగింది, నీళ్ళు తగ్గాక తొందరపడి స్టార్ట్ కొట్టాడు, సిలిండర్లలో నీళ్ళు, ఇంజిన్ గోవిందా. ఇంజిన్ కవర్ విడిగా తీసుకోలేదని ఇన్సూరెన్సువాళ్ళు చేతులెత్తేశారు. కరెంటు బండి గాలి పీల్చదు కాబట్టి ఆ గొడవ లేదు. అలాగని పడవ అనుకోకు, ఐపీ67 బ్యాటరీ అంటే మీటరు లోతులో అరగంట వరకే పరీక్ష, సింగ్‌నగర్లో నీళ్ళు రోజుల తరబడి ఉన్నాయి. ఏ బండైనా నీళ్ళకి పాడైతే ఇచ్చే ఇన్సూరెన్సు కవర్ విడిగా తీసుకో.

ఇక తిరిగి అమ్మితే ఎంతొస్తుంది అన్నది. ఇక్కడ కరెంటు బండి ఓడిపోతుంది బావా, మొహమాటం లేకుండా చెప్తున్నా. పెట్రోల్ లగ్జరీ బండి కూడా అయిదేళ్ళకి సగానికి దిగుతుంది గానీ, కరెంటుది సెల్‌ఫోన్ లాగా పడిపోద్ది, కొత్త మోడల్ ఎక్కువ దూరంతో తక్కువ రేటుకి వస్తుంటే పాతది ఎవడికి కావాలి? పైగా కొనేవాడికి బ్యాటరీ భయం, వారంటీ 8 ఏళ్ళో లక్షా 60 వేల కిలోమీటర్లో, ఏది ముందైతే అది, ఆ తర్వాత దేవుడే దిక్కు అనుకుంటాడు. అమెరికాలో హెర్ట్జ్ అని అద్దె కార్ల కంపెనీ ఉంది, అంత పెద్దవాళ్ళే రిపేర్ల ఖర్చు ఎక్కువ, గిరాకీ తక్కువ అని 2024 జనవరిలో 20 వేల కరెంటు కార్లు అమ్మకానికి పెట్టారు. మూడేళ్ళకోసారి బండి మార్చేవాడైతే కళ్ళు మూసుకుని పెట్రోల్ కొనమంటా.

కానీ నువ్వు పుట్టాక ఒక్క బండైనా అమ్మావా? మావయ్య అంబాసిడర్ తెనాలి షెడ్లో పట్టా కింద ఉంది, అందులో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయని అత్తయ్య గోల. పక్కనే చేతక్, దాని పక్కన ఆర్ఎక్స్ హండ్రెడ్, పోయినేడాది ఎవడో మంచి రేటిస్తానంటే వాడితో ఏడాది మాట్లాడలేదు నువ్వు. నీకు రీసేల్ లెక్క ఎందుకురా, ఈ బండి కూడా ఆ షెడ్లోకే పోయేది!

అదే బెంజ్‌లో పెద్ద బండ్లు, కరెంటుది ఈక్యూఎస్, ఇంజిన్‌ది ఎస్‌క్లాస్, ఆ సైజైతే వేరే కథ. ఈక్యూఎస్ 2022లో పూణే దగ్గర చాకన్‌లో బిగించి కోటి 55 లక్షలకి దింపారు, 107.8 యూనిట్ల బ్యాటరీ, కాగితం మీద 857 కిలోమీటర్లు. బ్రహ్మాండమైన బండి, కాకపోతే బ్యాటరీ కాళ్ళ కింద ఉండేసరికి నేల ఎత్తు, వెనక కూర్చుంటే మోకాళ్ళు కొంచెం పైకి లేస్తాయి. డ్రైవర్‌ని పెట్టుకుని వెనక దర్జాగా కూర్చునేవాడికి ఎస్‌క్లాసే. నువ్వు స్టీరింగ్ ఎవడికీ ఇవ్వవు కాబట్టి దాని జోలికి పోవద్దు.

కాబట్టి నా ఓటు ఐఎక్స్‌వన్‌కే. గుంటూరు ఎండకి రోజూ వందకి వంద ఎక్కించకు, 80 చాలు, ఊరెళ్ళేటప్పుడు నిండుగా పెట్టుకో, మధ్యాహ్నం పూట నీడన ఆపు. లక్ష్మీపురం ఇల్లు సొంతిల్లే కాబట్టి త్రీఫేజ్ కనెక్షన్‌కి ఇప్పుడే అప్లై చెయ్యి, బండొచ్చాక లైన్‌మేన్ చుట్టూ తిరగలేం. గురువారం పొద్దున్నే బయల్దేరి వచ్చెయ్, ఇక్కడే టెస్ట్ డ్రైవ్ మాట్లాడతా, ముందు మా అన్న బండి నాలుగు గంటలు నీ చేతికిప్పిస్తా.

ఈలోపు తెనాలి వెళ్తే షెడ్లో 16 యాంపుల ప్లగ్గు ఉందేమో చూడు. రాత్రంతా పెడితే ఓ 120 కిలోమీటర్లకి సరిపడా ఎక్కుద్ది. లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాలి, కోళ్ళని నువ్వు లేపు.

నీ బావ