ఎచ్చెర్లలో లైనక్స్, పైడిభీమవరంలో వాలిడేషన్: కలిపేదెవరు?

ఎడిటర్ గారికి నమస్కారం. శ్రీకాకుళం పిల్లలకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంటే హైదరాబాదో బెంగళూరో పోవాల్సిందేనని అందరూ రాస్తున్నారు. పైడిభీమవరంలో ఇన్ని మందుల కంపెనీలు, ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉన్నా, ఈ రెండింటికీ మధ్యలో ఉన్న ఒక పని, అంటే మందుల లెక్కలు చేసే కంప్యూటర్లు సరైన జవాబే ఇస్తున్నాయని పరీక్షించి రాసిపెట్టే వాలిడేషన్, ఎవరికీ కనబడకపోవడం విడ్డూరం.

మందు ఒంట్లో ఎంతసేపు ఉంటుంది, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు డోసు ఎంత తగ్గించాలి, ఇలాంటివి నాన్‌మెమ్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో లెక్కగట్టి చూస్తారు. ఒకే మోడల్‌ని (లెక్కల నమూనాని) వందలసార్లు తిప్పాల్సి వస్తుంది కాబట్టి లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న కొన్ని మెషీన్లు కలిపి క్లస్టర్ కట్టి, స్లర్మ్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి వాటి మధ్య పని పంచుతారు. ఇంతవరకు మన బీటెక్ కుర్రాళ్లు యూట్యూబ్ చూసైనా చేసేస్తారండీ.

అసలు పని ఆ తర్వాతే. నాన్‌మెమ్‌కి ఫోర్‌ట్రాన్ కంపైలర్ (ఫోర్‌ట్రాన్ భాషలోని కోడ్‌ని మెషీన్‌కి అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేర్) కావాలి, దాని వెర్షన్ మారినా ఆప్షన్ మారినా చివరి అంకెలు కదలొచ్చు. అందుకే జవాబు ముందే తెలిసిన లెక్కని ప్రతి మెషీన్ మీదా నడిపి, ఎంత తేడా వరకు ఒప్పుకుంటామో నడపకముందే రాసిపెట్టి, సరిచూసి సంతకం పెట్టాలి. అప్‌డేట్లు తోచినప్పుడల్లా కొట్టకూడదు, అలాగని ఎప్పటికీ ఆపేయనూ కూడదు. సెంట్ఓఎస్ 7 అనే లైనక్స్ రకానికి 2024 జూన్ 30తో సపోర్ట్ ఆగింది, దాని మీద వాలిడేట్ చేసుకున్నవాళ్లు కొత్త ఓఎస్ మీద పరీక్షలు మళ్లీ నడపాల్సిందే. ఏ రికార్డు ఎవరు ఎప్పుడు మార్చారో లాగ్ కూడా ఉండాలి, ఎలక్ట్రానిక్ రికార్డుల మీద అమెరికా వాళ్ల నిబంధన 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 అడిగేవాటిలో అదొకటి.

ఐక్యూ (సరిగ్గా బిగించారా), ఓక్యూ (సరిగ్గా నడుస్తుందా), పీక్యూ (అసలు పనిలో నిలకడగా చేస్తుందా) అంటే ఏంటో పైడిభీమవరంలో నాణ్యత చూసే క్యూఏ కుర్రాడెవడైనా నిద్రలో లేపినా చెప్తాడు, రియాక్టర్లకీ డ్రయ్యర్లకీ చేసేది అదేగా. క్లస్టర్‌కీ అవే మూడు. కానీ లైనక్స్ వచ్చినవాడికి కాగితాల పని బోరు, కాగితాలు వచ్చినవాడికి కమాండ్లు కొట్టే ఆ నల్ల స్క్రీన్ అంటే టెన్షన్. ఇద్దరూ తిరిగేది మాత్రం ఒకే హైవే మీద!

పెద్ద సర్వర్లేమీ అక్కర్లేదు. ల్యాబ్‌లో పక్కన పడేసిన నాలుగు కంప్యూటర్లు, రాకీ లైనక్స్ అనే లైనక్స్ రకం, నాన్‌మెమ్ లాంటి లెక్కలే చేసే, ఉచితంగా దొరికే ఎన్‌ఎల్‌మిక్సార్2 చాలు, లైసెన్సు గొడవ ఉండదు. సీఎస్‌ఈ నుంచి ఇద్దరు, ఫార్మసీ నుంచి ఇద్దరు, ఆదివారం వచ్చి ఫైలు తిరగేసి తప్పులు పట్టే క్యూఏ మనిషి ఒకరు ఉంటే మొదలుపెట్టొచ్చు. ఈ ఏడాది ఫైనలియర్ ప్రాజెక్టుల లిస్టులోంచి ఆ లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ తీసేసి దీన్ని పెట్టమని ప్రిన్సిపాళ్లను అడుగుతున్నాను.

- ఒక పాఠకుడు, రణస్థలం, శ్రీకాకుళం జిల్లా