గుమ్మం దగ్గరే విప్పించు నాన్నా

నాన్నా,

నిన్న ఫోన్లో నీ మాటా విన్నాను, వెనక నుంచి నీ భార్య, నా కోడలి మాటా విన్నాను. నీ స్నేహితుడు బూట్లతో హాల్లోకి వచ్చేశాడనీ, బయట విప్పి రమ్మని ఆ పిల్ల అనేసరికి చిన్నబుచ్చుకున్నాడనీ, అతను వెళ్ళాక మీరిద్దరూ మాటా మాటా అనుకున్నారనీ అర్థమైంది. రోజూ తుడిచే ఇల్లే కదా, వచ్చినవాళ్ళ కాళ్ళకేసి చూడటం ఏమిటని నీ బాధ. ఇది ఫోన్లో తేలేది కాదని కూర్చుని రాస్తున్నాను. ఈ విషయంలో నేను కోడలి పక్కనే ఉన్నాను. బయట తిరిగిన చెప్పులూ బూట్లూ గుమ్మం దాటకూడదు. కానీ ఎవర్ని విప్పమనాలి, ఎవర్ని అనకూడదు, ఎలా అనాలి అన్నచోట మాత్రం నీ మాటలో న్యాయం ఉంది. రెండూ చెప్తాను, ఓపిగ్గా చదువు.

ఒక్కో బూటు మీద లక్షల క్రిములుంటాయని కోడలు చెప్పిన లెక్క నేనూ చదివాను. అమెరికాలో అరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ గెర్బా అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త 2008లో చేసిన పరిశీలన అది. కొత్త బూట్లు ఇచ్చి రెండు వారాలు తొడుక్కోమని, ఆ తర్వాత పరీక్షిస్తే ఒక్కో బూటు బయటి వైపు సగటున 4,21,000 బ్యాక్టీరియా తేలాయి. మలంలో ఉండే రకం కోలిఫాం బ్యాక్టీరియా దాదాపు అన్ని బూట్ల మీదా కనిపించింది. పబ్లిక్ టాయిలెట్ల నేల, కుక్కలు పాడుచేసిన రోడ్డు పక్కలు తొక్కాక అది ఉండకపోతేనే ఆశ్చర్యం. అయితే అది ఒక బూట్ల కంపెనీతో కలిసి చేసిన పరిశీలన. పైగా బ్యాక్టీరియా ఉండటం వేరు, జబ్బు చెయ్యడం వేరు. నేల మీద ఉన్నది నోట్లోకో గాయంలోకో వెళ్తేనే హాని. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు నేల తాకిన చేతిని నోట్లో పెట్టుకోరు. ఈ ఒక్క లెక్క పట్టుకుని వాదిస్తే నువ్వే నెగ్గుతావు, అందుకని నేను దాన్ని పట్టుకోను.

నా బెంగంతా దుమ్ము గురించి. అందులోనూ సీసం, అదే లెడ్ అనే విషపు లోహం గురించి. పెట్రోలులో సీసం కలపడం 1920లలో మొదలైంది. ఆఖరి దేశంగా అల్జీరియా 2021లో ఆపేదాకా, దాదాపు వందేళ్ళు, ప్రపంచంలో ఎక్కడో ఒకచోట బళ్ళ పొగలోంచి సీసం రాలుతూనే ఉంది. సీసం కుళ్ళిపోయేది కాదు, ఎండకి విరిగిపోయేది కాదు. రోడ్ల పక్క పైమట్టిలో పడి అక్కడే ఉంటుంది. పాత కట్టడాల గోడల నుంచి, కిటికీల నుంచి రాలిన రంగు పెచ్చుల్లోనూ ఉంటుంది. అది మన కాలి కింద పొడి అవుతుంది, చెప్పుల అడుగు గాడుల్లో ఇరుక్కుంటుంది, ఇంట్లోకి వచ్చి ఆరాక రాలుతుంది. ఐదేళ్ళ లోపు పిల్లల ఒళ్ళు సీసాన్ని పెద్దవాళ్ళకంటే చాలా ఎక్కువగా లాక్కుంటుంది. ఒకే మోతాదు నోట్లోకి వెళ్తే చిన్నపిల్లల్లో నాలుగైదు రెట్లు ఎక్కువ ఒంటికి పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. రక్తంలో ఇంత వరకు ఉన్నా ఫరవాలేదు అని చెప్పగలిగే హద్దు ఏదీ తెలియదని కూడా ఆ సంస్థే అంటోంది. అది దెబ్బ కొట్టేది ఎదిగే మెదడుని.

మీ పాప ఇంకో నెలలో పాకుతుంది. పాకే బిడ్డకి నేలే లోకం. అరచేతులు నేల మీద, ఆ చేతులే నోట్లో, కింద పడిన బొమ్మ మళ్ళీ నోట్లో, రోజంతా ఇదే పని. నువ్వూ నేనూ నిలబడి చూసే ఇల్లు వేరు, దానికి కనిపించే ఇల్లు వేరు. ఈ వయసులోనే ఒంటికి సీసం ఎక్కువ పడుతుంది, ఈ వయసులోనే నేలకి దగ్గరగా ఉంటారు. ఈ రెండూ కలిసి రావడమే నన్ను నిద్రపోనివ్వడం లేదు.

సీసం ఒక్కటే కాదు. ఇంటి ముందు పచ్చికకి కలుపు మందు కొట్టాక అది ఇళ్ళలోకి ఎలా చేరుతుందో అమెరికాలో పరిశోధకులు చూశారు. 2,4-డి అనే మందు లోపలి దుమ్ములో దొరికింది. బూట్ల అడుగునా, పెంపుడు కుక్కల కాళ్ళకీ అంటుకుని రావడమే దానికి ముఖ్యమైన దారి అని తేలింది. బయటైతే ఎండకీ వానకీ మట్టిలోని సూక్ష్మజీవులకీ అలాంటి మందులు కొన్నాళ్ళకి విరిగిపోతాయి. ఇంట్లో ఎండా లేదు, వానా లేదు. తివాచీ పోగుల్లో పడిందంటే చాలాకాలం అలాగే ఉంటుంది.

కాస్త మట్టి తగిలితేనే పిల్లలకి రోగనిరోధక శక్తి వస్తుందని నువ్వన్నావు. ఆ ఆలోచనకి పునాది ఉంది. డేవిడ్ స్ట్రాకన్ అనే బ్రిటన్ పరిశోధకుడు 1989లో పెద్ద కుటుంబాల్లో పెరిగిన పిల్లలకి అలర్జీలు తక్కువగా ఉండటం గమనించి, చిన్నప్పుడు తగిలే ఇన్ఫెక్షన్లే దానికి కారణం కావచ్చన్నారు. దాని మీద చర్చ ఇంకా సాగుతూనే ఉంది. పాప మట్టిలో ఆడాలి, గడ్డి మీద దొర్లాలి, కుక్కపిల్లని ముద్దు చెయ్యాలి, నేనెందుకు కాదంటాను? ఆడి వచ్చాక చేతులు కడగండి, అంతే. కానీ ఒళ్ళు పోరాడి అలవాటు పడేది సూక్ష్మజీవులతో. సీసానికి అలవాటు పడే శక్తి ఎవరి ఒంట్లోనూ లేదు. ఈ రెంటినీ ఒక గాటన కట్టి మాట్లాడకు నాన్నా.

"రోజూ తుడుస్తాం కదా" అన్నావు. ఉత్త చీపురుతో ఊడిస్తే సన్నటి దుమ్ము పైకి లేచి, కాసేపటికి మళ్ళీ అక్కడే దిగుతుంది. తడిగుడ్డ మేలు, కానీ ఒకే బకెట్టు నీళ్ళతో ఇల్లంతా తుడిస్తే చివరి గదికి వెళ్ళేది మొదటి గది మురికే. తివాచీ సంగతి ఇంకా కష్టం. అమెరికాలో సియాటిల్ వైపు పాత ఇళ్ళలో 1990ల మొదట్లో తివాచీ దుమ్ము కొలిచి చూస్తే, బూట్లు తలుపు దగ్గరే విప్పేవాళ్ళ ఇళ్ళలో, గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకునే మంచి పట్టా వేసినవాళ్ళ ఇళ్ళలో సీసం బాగా తక్కువగా ఉంది. లోపలికి వచ్చాక వెతికి తియ్యడం కంటే తలుపు దగ్గర ఆపడం తేలిక.

ఇక్కడ నీ వైపు న్యాయం చెప్పాలి. విప్పమనకూడని వాళ్ళున్నారు. షుగరు ముదిరి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు ఇంట్లో కూడా ఉత్త కాళ్ళతో నడవకూడదు. కింద పిన్ను గుచ్చుకున్నా తెలియదు, చిన్న గాయమే పుండై వేలు తీసేసే దాకా పోతుంది. మీ నాన్నకి డాక్టరు ఇదే చెప్పాకే కదా ఇంట్లోకి వేరే జత కొన్నాం. వయసైనవాళ్ళు ఉత్త సాక్సులతో నున్నటి టైల్స్ మీద నడిస్తే జారతారు. 2010లో బోస్టన్‌లో పెద్దవాళ్ళ మీద చేసిన అధ్యయనంలో, ఇంట్లో పడినవాళ్ళలో సగానికి పైగా పడే సమయానికి ఉత్త కాళ్ళతోనో, సాక్సులతోనో, స్లిప్పర్లతోనో ఉన్నారు. అందుకని వాళ్ళకి ఏదో ఒక స్లిప్పరు చేతికిస్తే పని అయిపోదు. మడమ పట్టి ఉంచేది, అడుగు జారనిది, ఇంట్లోకి మాత్రమే వాడేది కావాలి. కాలికి కట్టు కట్టించుకున్నవాళ్ళని, డాక్టరు చెప్పి చేయించిన బూటు వేసుకున్నవాళ్ళని, ఒంగలేని వాళ్ళని ఒక్క మాట కూడా అనొద్దు. అడుగు గట్టిగా తుడిపించి లోపలికి తీసుకురండి, వెళ్ళాక ఆ చోటు తడిగుడ్డతో తుడుచుకోండి. కరెంటు పనివాళ్ళు, పైపులు బాగుచేసేవాళ్ళు వస్తే వాళ్ళ బూట్లు వాళ్ళ ప్రాణరక్షణ. వాటిని విప్పమనడం తప్పు. వాళ్ళు నడిచే దారిలో పాత దుప్పటి పరిచి, పాపని వేరే గదిలో ఉంచండి.

మిగతావాళ్ళ విషయానికొస్తే, ఆ రోజు జరిగిందాంట్లో నన్ను బాధపెట్టింది కోడలు అడగడం కాదు, అడిగిన సమయం. మనిషి హాలు మధ్యకి వచ్చి నిలబడ్డాక అందరి ముందూ విప్పమంటే ఎవరికైనా ముఖం మాడుతుంది. అతని సాక్సు చిరిగి ఉండొచ్చు, పొద్దుటి నుంచీ తిరిగిన పాదాలు వాసన వేస్తాయేమోనని బెంగ ఉండొచ్చు. వచ్చేవాళ్ళకి ముందే ఫోన్లో చెప్పండి: "పాప పాకే వయసుకొస్తోంది, చెప్పులు తలుపు దగ్గరే విప్పుతున్నాం" అని. బిడ్డ పేరు చెప్తే ఎవరూ తప్పుగా అనుకోరు. తలుపు తియ్యగానే మీ చెప్పులు వరసగా కనిపించేలా పెట్టండి, మీరు ఉత్త కాళ్ళతో ఎదురు వెళ్ళండి. బోర్డు మాత్రం తగిలించకండి. వచ్చేది మన మనుషులు, ఆఫీసు కాదు.

గుమ్మాన్ని ఈ పనికి తగినట్టు అమర్చడం కోడలి మీదొక్కదాని మీదే వదిలెయ్యకు, అది నీ పని. జపాన్ ఇళ్ళలో తలుపు లోపల గెంకన్ అని ఒక చోటు ఉంటుంది, మిగతా నేలకంటే ఒక మెట్టు దిగువన. చెప్పులు అక్కడ విప్పి మెట్టెక్కితేనే ఇల్లు మొదలవుతుంది. మీ ఫ్లాట్‌లో మెట్టు కట్టలేవు కానీ, తలుపు దగ్గర నేలని వేరు చేసే గరుకు పట్టా బయట ఒకటి, తడి పీల్చే పట్టా లోపల ఒకటి వెయ్యి. రెండిటినీ వారానికోసారి బయటికి తీసుకెళ్ళి దులుపు, లేకపోతే అవే దుమ్ముకి గూళ్ళవుతాయి. చెప్పుల స్టాండు పాప చేతికి అందని ఎత్తులో ఉండాలి, పాకే పిల్లలు ముందు నోట్లో పెట్టుకునేది చెప్పునే. తడిసిన బూట్లు మూసిన అల్మరాలో తోసెయ్యకు, గాలి తగలనివ్వు. మెట్ల దారిలో, వరండాలో చెప్పులు గుట్టగా పొయ్యొద్దు. మంటలు లేచిన రోజు జనం పరిగెత్తేది ఆ దారినే.

ఇంకో సంగతి మీ ఇద్దరికీ తోచినట్టు లేదు. పాపని తిప్పే బండి చక్రాలు ఎక్కడెక్కడ తిరుగుతున్నాయి? ఆ చక్రాలతోనే తిన్నగా పడకగదిలోకి వస్తోంది. ఊరి నుంచి వచ్చిన సూట్‌కేసు బస్టాండు నేలంతా దొర్లి వచ్చి మంచం మీద తెరుచుకుంటుంది. ఆఫీసు బ్యాగు రోజంతా రైల్లో కాళ్ళ దగ్గర ఉండి, ఇంటికొచ్చి సోఫా ఎక్కుతుంది. బూట్లు విప్పించి వీటిని వదిలేస్తే సగం పనే చేసినట్టు. బండిని తలుపు దగ్గరే ఆపండి, కుదరకపోతే చక్రాలు తడిగుడ్డతో తుడవండి. సూట్‌కేసుని మంచం ఎక్కించకండి. బాల్కనీలోకి ఉత్త కాళ్ళతో వెళ్ళి అవే కాళ్ళతో లోపలికి వచ్చే అలవాటు నీకుంది. అక్కడ వేరే జత పెట్టుకో.

కోడలితో ఈ ఉత్తరం కలిసి చదువు. నీ స్నేహితుడికి నువ్వే ఫోన్ చేసి మళ్ళీ పిలువు, ఈసారి పాప సంగతి ముందే చెప్పు. వచ్చే నెల మేమిద్దరం వస్తున్నాం. మీ నాన్న ఇంటి జత విడిగా సంచిలో తెస్తాం, అడుగు కడిగే తెస్తాను. నాకు ఒంగి చెప్పుల పట్టీలు విప్పడం కష్టంగా ఉంటోంది, తలుపు పక్కన ఒక స్టూలు వెయ్యి. మరీ పొట్టిది కొనకు, కూర్చుంటే లేవలేను. చేత్తో పట్టుకుని లేవడానికి పక్కన గోడ ఉండాలి.

ఆశీస్సులతో,
అమ్మ